కథలో థెరపిస్టును పెట్టే ముందు

బరంపురం

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. పర్లాకిమిడి బస్టాండు, ఇంట్లో తెలుగుకీ బడిలో ఒడియాకీ మధ్య నలిగిపోయే ఆ రెండో క్లాసు పిల్లాడు, మనవడికి మాట రావాలని కనపడ్డ దేవుడికల్లా మొక్కే నాయనమ్మ, అన్నీ బాగా కుదిరాయి. తంటా అంతా ఆ స్పీచ్ థెరపిస్టు దగ్గరే.

కథలో ఆవిడ రాష్ట్రం పెట్టిన లైసెన్సు పరీక్ష పాసై ఊరి బడిలో ఉద్యోగంలో చేరుతుంది. అది అమెరికా సంగతి. అక్కడ ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రానిదే. బడిలో పనిచేయాలంటే కొన్నిచోట్ల విద్యాశాఖ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. పీజీ, కనీసం 400 గంటల క్లినికల్ శిక్షణ, ప్రాక్సిస్ అనే పరీక్ష, ఆపైన సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసే 36 వారాల ఫెలోషిప్ దాటితే గానీ వాళ్ల జాతీయ సంఘం సర్టిఫికెట్ చేతికి రాదు. వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టుకైతే డాక్టరేట్ ఉండాలి. నెట్‌లో వెతికితే ముందు వచ్చేది ఇదే కాబట్టి నువ్వూ అదే దించేశావని నా అనుమానం.

మన దగ్గర దారి వేరు. ఇంటర్ సైన్సు తర్వాత బీఏఎస్ఎల్‌పీ అనే డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. చెవి పరీక్ష, మాట చికిత్స రెండూ ఆ ఒక్క డిగ్రీలోనే. ఆ తర్వాత ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, కేంద్ర రిజిస్టర్‌లో పేరెక్కాలి. ఆ రిజిస్టర్ 1992 చట్టం కింద వచ్చింది. అందులో పేరుంటే దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేసుకోవచ్చు. శ్రీకాకుళం అమ్మాయి పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాకి వచ్చి ప్రాక్టీసు పెట్టుకోవడానికి ఒడిశా లైసెన్సంటూ వేరే అక్కర్లేదు. సరిహద్దు కథకి ఇంతకంటే మంచి సరుకు దొరుకుతుందా? పేరు లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి ఎప్పటి లెక్కో! ఈరోజుల్లో దానికి ఎవడు జడుస్తాడు?

నీ కథలో మాస్టారు కూడా జడవలేదు. పదిహేను రోజుల ట్రైనింగు తీసుకుని, వరండాలో బల్ల వేసి పిల్లలకి థెరపీ మొదలుపెట్టాడు. నువ్వేమో ఆయన్ని దేవుణ్ణి చేశావు. మంచివాడే, కాదనను. పిల్లాడు పిలిస్తే పలకట్లేదని ముందు గమనించింది ఆయనే కదా, అక్కడిదాకా ఆయన్ని మెచ్చుకో. ఆ తర్వాత పిల్లాడు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం, వాళ్ల కంట పడాలి. వాళ్లు బడికొచ్చి పిల్లల్ని చూసి, అనుమానం ఉన్నవాళ్లని జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అంటే పిల్లల లోపాల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి, పంపుతారు. ఆడియాలజిస్టు ఉండాల్సింది అక్కడ. వినికిడి కొలిచేది ఆవిడ, వైకల్యం సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది డాక్టరు. నువ్వు ఇద్దర్నీ కలిపి 'స్పీచ్ డాక్టర్' చేసేశావు. నీ కథ చదివిన తల్లి ఎవరైనా బిడ్డని తీసుకుని ఏ వరండాకి పోతుందో ఆలోచించు.

అలాగని సెక్షన్లు పాత్రల నోట పలికించకు, కథ కాస్తా కరపత్రం అయిపోతుంది. గోడమీద ఫ్రేములో థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు వేలాడదీయి. ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. అది దగ్గరపడి, దానికి కావాల్సిన సీఆర్‌ఈ (వృత్తిలో కొనసాగే శిక్షణ) పాయింట్ల కోసం సెలవు దొరక్క ఆవిడ పడే టెన్షన్ రాయి. ఉద్యోగస్తులకి వెంటనే తగులుతుంది.

పరీక్ష దృశ్యం ఒక్క వాక్యంలో తేల్చేశావు. నేనైతే అక్కడే ఒక పేజీ ఖర్చుపెడతాను. పిల్లాడి తలకి హెడ్‌ఫోన్లు పెద్దవై జారుతుంటాయి. 'కుయ్'మని వినిపించినప్పుడల్లా డబ్బాలో ఒక పూస వెయ్యమంటారు. వాడు శబ్దం వదిలేసి ఆవిడ ముఖం చూసి పూస వేస్తుంటాడు. అందుకే ఆవిడ మిషను మీద చెయ్యి వాడికి కనపడనివ్వదు. గ్రాఫు మీద కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ. నాయనమ్మ ఆ కాగితం పట్టుకుని ఇన్ని సున్నాలు ఏమిటని కంగారుపడితే చాలు, ఇక డైలాగు అక్కర్లేదు.

ఇంకొకటి, నీ కథకి ప్రాణం ఇదే. ఒడియాలో అడిగితే నోరు విప్పని పిల్లాడు ఇంటర్వెల్‌లో మనవాళ్లతో తెలుగులో గలగలా మాట్లాడితే అది రోగం కాదు, బడి భాష ఇంకా పట్టుబడలేదంతే. ఇంట్లో కూడా మాట రాకపోతేనే లెక్క వేరు. రిజిస్టర్‌లో పేరున్న మనిషికి కూడా తెలుగు రాకపోతే ఈ తేడా పట్టుకోవడం కష్టం. అప్పుడు దుబాసీగా కూర్చునేది నాయనమ్మే. ఆ సన్నివేశం నీ కథలో లేదు. ఎందుకు లేదో నాకర్థం కాలేదు.

చెవుడు పూర్వజన్మ పాపమని నాయనమ్మ చేత అనిపించావు. అననీ, అలా అనేవాళ్లు ఉన్నారు. పక్కింటి తాత మాత్రం వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి పేరెత్తొచ్చు. సవరలనే గిరిజనుల భాష కోసం మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను వాడి చెవుడు కొనితెచ్చుకున్నారాయన. పర్లాకిమిడిలో ఆ పేరు తెలియని తెలుగువాడు ఉండడు.

డీఈఐసీకి వెళ్లేటప్పుడు ముందు అనుమతి తీసుకో. పిల్లల పేర్లు నోటుబుక్కులో కూడా రాసుకోకు. రెండో ప్రతి దసరా దాటాక పంపినా చాలు, తొందరేం లేదు.

ఆశీస్సులతో,
మీ మావయ్య