ట్రాక్ మెషీన్ జేఈ ఉద్యోగం వదిలేసి డేటా సైన్స్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేశాడు. ఆర్‌ఆర్‌బీ సికింద్రాబాద్ ద్వారా ట్రాక్ మెషీన్ విభాగంలో జూనియర్ ఇంజినీర్‌గా ఎంపికయ్యాడు. తీరా కనుక్కుంటే అది పట్టాల మీద కంకర పని అనీ, వారాల తరబడి ఇంటి మొహం చూడలేడనీ అంటున్నారు. అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు చేయిస్తే మంచి ప్యాకేజీ వస్తుందని మా బంధువు గట్టిగా చెబుతున్నారు. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పగలరు.
ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పోస్టు పేరు మారుతుందంతే. అడుగున ఉండే మాట మాత్రం ఒకటే: "నలుగురిలో ఏమని చెప్పుకోవాలి?" మీరు ఆ మాట రాయలేదు. కానీ "కంకర పని" అన్నచోట నాకు అదే వినిపించింది. అందుకే పోలిక సంగతి తర్వాత, ముందు ఆ పనేమిటో చెప్పనివ్వండి.

2024 సెప్టెంబరు 1 మీరు మరిచిపోయి ఉండరు. మున్నేరు పొంగి ఖమ్మం ఇళ్లలోకి నీళ్లొచ్చిన ఆ వానలకే, పైన మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. కింద మట్టి లేదు, కంకర లేదు. పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లతో సహా పట్టాలు గాలిలో వేలాడాయి. కాజీపేట నుంచి విజయవాడకు బండ్లు ఆగిపోయాయి. వందల మంది రాత్రింబవళ్లు పనిచేసి కొద్ది రోజుల్లోనే మళ్లీ నడిపించారు.

ఇలాంటి చోట గండి పూడ్చగానే పని అయిపోదు. కొత్తగా పోసిన కట్ట ప్రతి బండి బరువుకూ కాస్త కాస్త దిగుతుంది. దానితోపాటు పట్టా దిగుతుంది. అందుకే మొదట బండ్లను దాదాపు నడక వేగంతో పంపిస్తారు. దిగిన పట్టాను పైకెత్తి, స్లీపరు కింద కంకర దట్టించి, మళ్లీ దిగితే మళ్లీ ఎత్తి, వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతారు. ఒకప్పుడు గ్యాంగ్‌మన్లు బీటర్లతో కొట్టి కొట్టి చేసిన ఈ ప్యాకింగ్‌ని ఇప్పుడు చాలావరకు యంత్రాలే చేస్తున్నాయి. మీ అబ్బాయి చేతికి రాబోయేది ఆ యంత్రం.

డోర్నకల్ వైపు ఒక గేటు దగ్గర ఆగి, ఇలా కంకర దట్టించే ట్యాంపింగ్ మెషీన్ పని చేస్తుంటే చూశాను. పసుపు రంగు బండి, రైలింజనంత పొడవు. దాని కింద ఉక్కు వేళ్ల లాంటి టూల్స్ స్లీపరుకు రెండు పక్కలా కంకరలోకి దిగుతాయి. సెకనుకు 35 సార్లు వణుకుతూ రాళ్లను స్లీపరు కిందికి నొక్కుతాయి. ఆలోగా రోలర్లు పట్టాను పట్టుకుని, ఎన్ని మిల్లీమీటర్లు లెక్కగట్టారో అన్ని మిల్లీమీటర్లే పైకెత్తి ఉంచుతాయి. దుమ్ము లేచింది, టూల్స్ పైకొచ్చాయి, మెషీన్ ముందుకు జరిగింది. వెనకాలే ఒకాయన గేజ్ పట్టుకుని రెండు పట్టాల మట్టం చూసుకుంటూ నడుస్తున్నాడు. ఇంతలో పాతికేళ్లు కూడా లేని కుర్రవాడొకడు చెయ్యెత్తి మెషీన్ ఆపించాడు. వంగి ఒక టూల్ అడుగుభాగాన్ని వేలితో తడిమి, అరిగిపోయిందని చెప్పి మార్పించాడు. టూల్ అరిగితే కంకర సరిగ్గా బిగుసుకోదు, పట్టా త్వరగా దిగుతుంది. ఆ కుర్రవాడు జేఈ. మీరు కంకర పని అన్నది దీన్నే.

ఇంకో సంగతి. కొన్నిచోట్ల ఎన్నిసార్లు ట్యాంపింగ్ చేసినా పట్టా కొన్నాళ్లకు సరిగ్గా అక్కడే దిగుతుంది. నల్లరేగడి నేలల్లో ఇది బాగా తెలిసిన జబ్బు. కంకర సందుల్లో మట్టి చేరి నీళ్లు నిలుస్తాయి. బండి పోయినప్పుడల్లా అడుగున మెత్తబడిన నేల బురదగా పైకి చిమ్ముతుంది. అలాంటి చోట స్లీపర్ల అంచుల మీద ఎండిన బురద మరకలు మామూలు ప్రయాణికుడికి కూడా కనిపిస్తాయి. అక్కడ ఎత్తి దట్టించడం పైపూత మాత్రమే. బీసీఎం అనే పెద్ద యంత్రం తెచ్చి, స్లీపర్ల కింది కంకరను తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని పక్కకు విసిరి మంచి రాయిని తిరిగి పోయాలి. నీళ్లు పోయే దారి చూడాలి. ఆ తర్వాత స్టెబిలైజర్ నడుపుతారు. అది పట్టాను అదిమిపట్టి వణికిస్తూ ఒక్కసారి వెళితే, దాదాపు లక్ష టన్నుల రైళ్లు పోయినంతగా కంకర సర్దుకుంటుంది. హైడ్రాలిక్స్, డీజిల్ ఇంజన్, ఎలక్ట్రానిక్స్, ట్రాక్ లెక్కలు, నాలుగూ ఒకే యంత్రంలో. మెకానికల్ డిప్లొమా చదివినవాడికి ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

కష్టాలు దాచను. స్టాఫ్ ఉండేది చాలావరకు క్యాంప్ కోచ్‌లో, అంటే బస కోసం ఉంచిన రైలు పెట్టెలో. మెషీన్ ఎక్కడికి పోతే అదీ అక్కడికే. పని జరిగేది బ్లాక్ ఇచ్చినప్పుడు, అంటే ఆ లైనులో బండ్లు ఆపినప్పుడు. అది మండుటెండలో కావచ్చు, అర్ధరాత్రి కావచ్చు. సెలవులు కూడబెట్టుకుని ఒకేసారి ఇంటికొచ్చేవాళ్లు చాలామంది. పక్క లైనులో బండ్లు తిరుగుతూనే ఉంటాయి. అందుకే హూటర్లు, జెండాలు, కాపలా మనుషులు ఉంటారు. ఈ ప్రమాదం గురించి మీకు భయం ఉంటే అది న్యాయమైన భయమే. అబ్బాయితో మాట్లాడాల్సింది దాని గురించే. జాగ్రత్తలను లెక్కచేయని మనస్తత్వం వాడిదైతే ఈ ఉద్యోగం వద్దని నేనే చెబుతాను.

ఇక డేటా సైన్స్. ఆ చదువు మీద నాకు కోపం లేదు. గణితం మీద ఇష్టం ఉండి, రెండు మూడేళ్లు కూర్చుని నేర్చుకునేవాళ్లకు అది మంచి దారి. నా అనుమానమంతా మూడు నాలుగు నెలల కోర్సు మీద. ఇలాంటి కోర్సు తర్వాత కంపెనీ ఇంటర్వ్యూలో మీవాడు పోటీ పడాల్సింది నాలుగేళ్ల బీటెక్ చేసి, కాలేజీలోనే కోడ్ రాయడం అలవాటైనవాళ్లతో. ఫ్రెషర్లు మొదట చేసే చిన్న చిన్న పనులను ఇప్పుడు ఏఐ టూల్స్‌తో చేయించుకుంటున్నారు. గోడల మీద "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అని రాసినచోట, కిందటి బ్యాచ్‌లో చేరింది ఎందరు, ఉద్యోగం వచ్చింది ఎందరికి, ఏ కంపెనీలో, జీతమెంత అని అడగండి. కాగితం మీద రాసివ్వమనండి.

ఈ విషయంలో నాకో బాధ ఉంది. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి వచ్చిన ఉద్యోగం వదిలి ఇలాంటి కోర్సులోనే చేరతానంటే నేను గట్టిగా వద్దనలేకపోయాను. తండ్రి పట్టుదల చూసి ఊరుకున్నాను. కోర్సు ముగిసింది, ఆ సంస్థవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. అబ్బాయి ఏడాదిన్నర హాస్టల్ గదిలో రెజ్యూమెలు పంపుతూ గడిపాడు. వాళ్లమ్మ ఫోన్ చేసి ఏడ్చినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. అప్పటి నుంచి, చేతికొచ్చిన ఉద్యోగం వదిలేయమని ఎవరైనా అంటే నేను మొహమాటపడటం లేదు.

మీతోనూ మొహమాటం లేకుండా మాట్లాడతాను. మీ ఉత్తరమంతా వెతికాను. మీ బంధువు ఏమన్నారో ఉంది, ఊళ్లో ఏమంటున్నారో ఉంది. అబ్బాయి ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. లక్షల మందితో పోటీ పడి గెలుచుకొచ్చినవాణ్ణి ఇంట్లో కనీసం ఒకపూట మెచ్చుకున్నారా? లేక రిజల్ట్ వచ్చిన రోజే "కంకర పనా" అన్నారా? బయటివాళ్లు అంటే తట్టుకుంటారు పిల్లలు. నాన్న అంటే తట్టుకోలేరు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా: రైల్వేలో లెవెల్ 6 జీతం, అంటే 35,400 మూలవేతనం, దాని మీద డీఏ వగైరా. సీనియర్ సెక్షన్ ఇంజినీర్ వరకు మామూలు మెట్లు, డిపార్ట్‌మెంట్ పరీక్ష రాస్తే ఆఫీసరు దాకా దారి ఉంది. ఒకవేళ కొన్నేళ్ల తర్వాత సరిపడలేదనుకున్నా, ట్రాక్ మెషీన్లు తెలిసినవాళ్లు మెట్రోలకూ, మెషీన్లు తయారుచేసే, రిపేర్ చేసే కంపెనీలకూ కావాలి. డేటా సైన్స్ అయితే కోర్సు ఫీజు మీరు కట్టాలి, ఉద్యోగం వాడు వెతుక్కోవాలి. కోడింగ్ మీద నిజంగా ఆసక్తి ఉంటే క్యాంప్ కోచ్‌లో ఖాళీ దొరికినప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేర్చుకోవచ్చు. వదులుకున్న పోస్టు మాత్రం మళ్లీ రాదు.

పెళ్లి సంబంధాల టెన్షన్ కూడా ఉండే ఉంటుంది. ఈ శాఖలో చేరినవాళ్ల పెళ్లిళ్లకు నేను భోజనం చేసి వచ్చాను. దాని గురించి ఇప్పుడే నిద్ర పాడుచేసుకోకండి.

ఈ వారం ఒక పని చేయండి. మీకు దగ్గర్లో ఏ స్టేషన్ సైడింగ్‌లోనైనా ట్రాక్ మెషీన్, క్యాంప్ కోచ్ ఆగి ఉన్నాయేమో కనుక్కోండి. ఇద్దరూ కలిసి వెళ్లి, అనుమతి అడిగి, అక్కడి స్టాఫ్‌తో ఒక గంట కూర్చోండి. వంట ఎలా, నిద్ర ఎలా, ఇంటికి ఎన్నాళ్లకోసారి వెళ్తున్నారో మీరే అడగండి. తిరిగొచ్చేటప్పుడు వాడేమంటాడో వినండి. చేరతానంటే చేరనివ్వండి. ట్రాక్ మెషీన్ల శిక్షణ కేంద్రం ప్రయాగ్‌రాజ్‌లో ఉంది. ఇప్పటి నుంచే హిందీ మాట్లాడటం అలవాటు చేసుకోమనండి. అక్కడి చలి మన ఖమ్మం చలిలా ఉండదు, పంపేముందు మంచి రగ్గు, స్వెట్టరు మీ చేత్తో కొనిపెట్టండి.