సోలార్ కన్నా ముందు లీకేజీలు

ప్రశ్న: జీడిమెట్లలో మాది ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్. మా దగ్గర విడిభాగాలు కొనే పెద్ద కంపెనీ కరెంటు, నీళ్లు, వ్యర్థాల లెక్కలు ఇమ్మని ఫారం పంపింది. పైకప్పు మీద సోలార్ పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ ఫారం ఊరికే రాలేదండీ. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల) నివేదిక తప్పనిసరి చేసింది. అందుకే ఆ కంపెనీలు ఇప్పుడు సరఫరాదారుల లెక్కలూ అడుగుతున్నాయి.

సోలార్ పెట్టొచ్చు, కానీ ముందే వద్దు. వృథాగా పోయే కరెంటుకు కూడా ప్యానెళ్లు కొన్నట్టవుతుంది.

12 నెలల బిల్లులు ముందేసుకుని, ఏ నెలకానెల వాడిన యూనిట్లను తయారైన మంచి సరుకు కిలోలతో భాగించండి. రిజెక్టులు కలపొద్దు, కలిపితే తుక్కు పెరిగినా లెక్క బాగున్నట్టే కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లెక్కకు గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, జనరేటర్ డీజిల్ లీటరుకు 2.7 కిలోలు వేసుకోండి.

తర్వాత మెషిన్లకు ఒత్తిడి గాలి పంపే కంప్రెసర్. షిఫ్టు అయ్యాక మెషిన్లన్నీ ఆపి, అదొక్కటే నడపండి. లోడ్‌లో (గాలి నింపుతూ) ఎన్ని సెకన్లు, అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా) ఎన్ని సెకన్లు ఉంటోందో ఐదారుసార్లు రాసుకోండి. లోడ్ 30, అన్‌లోడ్ 70 వస్తే కంప్రెసర్ ఇచ్చే గాలిలో 30 శాతం లీకుల్లోనే పోతున్నట్టు. 10 శాతం దాటకూడదు. 7 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 3 కిలోవాట్లు తినేస్తుంది. రోజుకు 24 గంటల చొప్పున 300 రోజులకు 21,600 యూనిట్లు! పైపు జాయింట్లు, క్విక్ కప్లింగులు, డ్రెయిన్ వాల్వుల దగ్గర సబ్బునీళ్లు పూసి చూడండి. లీకులు కట్టాకే ప్రెషర్ తగ్గించండి. ఒక్క బార్ తగ్గినా కంప్రెసర్ కరెంటు 6-7 శాతం ఆదా. లీకులుండగా తగ్గిస్తే చివరి మెషిన్‌కు గాలి చాలదు, మర్నాడే ఎవరో మళ్లీ పెంచేస్తారు.

అసలు చిక్కు మరోచోట ఉంటుంది. సూపర్‌వైజర్ ఇన్సెంటివ్ టన్నుల మీదే ఉంటే, లీకు కట్టడానికి ఆయన లైను ఎందుకు ఆపుతాడు? కిలోకు యూనిట్లు, తుక్కు శాతం రెండూ రోజువారీ ప్రొడక్షన్ షీట్లోకి, ఇన్సెంటివ్‌లోకి రావాలి. లక్ష్యం మాత్రం అచ్చుకు అచ్చు వేరుగా పెట్టండి. అన్ని అచ్చులకూ యూనిట్ల ఖర్చు ఒకేలా ఉండదు.

ఇవయ్యాక మిగిలిన పగటి లోడును బట్టి సోలార్ సైజు తేల్చండి. ఆదివారం యూనిట్ మూస్తారా? అయితే నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకోవడం) షరతులు కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర ముందే కనుక్కోండి.