22 ఏళ్లు షెడ్డులో పడున్న కారు: లోపల ఉన్నది ఏ ఇంజన్, మళ్లీ స్టార్ట్ అవుతుందా?

మీ ప్రశ్న: "చాలా ఏళ్లుగా కదలని పాత కారు ఉంది. అందులో ఉన్నది ఏ ఇంజనో ఎలా గుర్తుపట్టాలి? మళ్లీ నడిపించవచ్చా?"

నడుస్తుంది, మీరు తొందరపడి సెల్ఫ్ కొట్టకపోతే. నన్నడిగితే షెడ్డులో పడుండి పాడైన ఇంజన్ల కన్నా, బయటికి తీసిన మొదటి అరగంటలో పాడైనవే ఎక్కువ. రుజువేమిటంటారా? నా దగ్గర వంగిపోయిన పుష్‌రాడ్, అంటే వాల్వుని తోసి తెరిపించే కడ్డీ, ఒకటి ఉంది, అదే.

మా మామయ్యది 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 22 ఏళ్లు కదల్లేదు. ఒక ఆదివారం నేనూ, ఆయన కొడుకు, అంటే మా బావ, షెడ్డు తలుపు తీశాం. ఎయిర్ క్లీనర్ నిండా ఎలుకల కాపురం. హ్యాండిల్ పెట్టి తిప్పితే సగం చుట్టు హాయిగా తిరిగింది. "ఇంకేం, ఫ్రీగానే ఉంది కదా!" అంటూ బావ కొత్త బ్యాటరీ తగిలించేశాడు. నేను వద్దని గట్టిగా అనలేదు. నాకూ ఆ శబ్దం వినాలనే ఉంది మరి. సెల్ఫ్ కొట్టాడు. రెండు మూడు చుట్లు తిరిగి లోపల టక్కుమంది.

టాపెట్ కవర్ విప్పి చూస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ విల్లులా వంగి ఉంది. వాల్వు కాడ తుప్పుపట్టి గైడులో, అంటే అది జారే గొట్టంలో, బిగుసుకుపోయింది. కింది నుంచి క్యామ్, అంటే క్యామ్ షాఫ్ట్ మీది ఉబ్బు, తోస్తోంది, పైన వాల్వు కదలనంటోంది, మధ్యలో నలిగింది పుష్‌రాడ్. మరి చేత్తో తిప్పినప్పుడు ఎందుకు తెలియలేదంటే, క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు పూర్తి చేయాలంటే క్రాంక్, అంటే హ్యాండిల్ తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరగాలి. నేను తిప్పింది అరచుట్టు. ఆ వాల్వు వంతు ఇంకా రానేలేదు.

పైగా బావ బ్యాటరీ కూడా తిరగేసి పెట్టాడు. ఆ కాలం బ్రిటిష్ కార్లలో ఎక్కువగా ప్లస్ తీగనే బాడీకి కలిపేవారు. స్టార్టర్ మోటారుకి ఆ తేడా తెలియదు, ఎలా కలిపినా ఒకే వైపు తిరుగుతుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో మాత్రం ఊరుకోదు. ఈ ముక్క చెబితే "ప్రపంచమంతా మైనస్సే కదా" అని నాతోనే వాదన.

సరే, ఇక ఇంజన్ గుర్తుపట్టడం. బండి కాగితాల్లో 1489 సీసీ అని ఉంది. ఆ కారుకి కంపెనీ ఇచ్చింది కూడా బీఎంసీ (అప్పటి మోరిస్ మాతృసంస్థ) వాళ్ల బి-సిరీస్ 1489 ఇంజనే. కాబట్టి హెడ్ విప్పకముందే కాగితం చూసి గ్యాస్కెట్, అంటే హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య పెట్టే పలక, తెప్పించేశాను. హెడ్ దించాక దాన్ని బ్లాక్ మీద పరిస్తే ప్రతి సిలిండర్‌లోకీ అంచు చుట్టూ పొడుచుకొచ్చింది. అలాగే బిగించి ఉంటే ఆ అంచులు కాలిపోయేవి. తప్పు సరుకు పంపాడని షాపువాణ్ణి ఫోన్లో కడిగేశాను. పాపం, అతని తప్పేమీ లేదు.

ఇంజన్ నంబరు చూద్దామంటే బ్లాక్ మీద ప్లేటు లేదు, రెండు రివెట్ రంధ్రాలు తప్ప. ఫోటో తీసి నలుగురికి చూపిస్తే నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. ఒకాయనైతే రంగు చూసి చెప్పేశాడు! రంగు ఎవడైనా వేస్తాడండీ. కవర్లు, కార్బొరేటర్లు, డైనమోలు అన్నీ మారిపోతాయి. మారనివి లోపలి కొలతలే.

వెర్నియర్ పెట్టి కొలిచాను. పిస్టన్ అన్నిటికన్నా పైన ఉన్నప్పటి నుంచి అన్నిటికన్నా కిందికి వెళ్లేదాకా 88.9 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా మూడున్నర అంగుళాలు. బి-సిరీస్ పెట్రోలు ఇంజన్లకి 1489 నుంచి 1798 దాకా స్ట్రోక్ ఇదే. అంటే స్ట్రోక్ ఇంటిపేరు చెబుతుంది, ఆ ఇంట్లో ఎవరన్నది బోర్, అంటే సిలిండర్ వ్యాసం, చెబుతుంది. 1489కి బోర్ 73.025, 1622కి 76.2, 1798కి 80.26. మాది ఎంతొచ్చిందో తెలుసా? 77.2. ఏ పట్టికలోనూ లేదు! రెండు రోజులు టెన్షన్.

మూడో రోజు పిస్టన్ తల మీద మసి గీకుతుంటే 040 అనే అంకెలు బయటపడ్డాయి. ఎప్పుడో బోరు చేయించి, అంగుళంలో వెయ్యింట 40 వంతులు పెద్ద పిస్టన్లు వేశారన్నమాట. అంటే సుమారు 1.016 మిల్లీమీటర్లు. 77.2లో అది తీసేస్తే 76.2. మా ఇంజన్ 1622! అది 1961లో వచ్చింది. 1957 కారులో 1961 తర్వాతి ఇంజన్ ఉంది. మీరు కొలిచేటప్పుడు సిలిండర్ పై అంచులో, రింగులు తగలని చోట కొలవండి. కింద అరుగుదల కూడా కలిసి లెక్క తప్పుతుంది.

బోల్టుల విషయం కూడా చెప్పాలి. ఇంకా పాత మోరిస్ ఇంజన్లలో మర మెట్రిక్, తలకాయ మాత్రం పాత బ్రిటిష్ కొలత విట్‌వర్త్! మోరిస్ వాళ్లు 1923లో కొన్న ఫ్రెంచి కంపెనీ హాచ్‌కిస్ ఫ్యాక్టరీలో ఫ్రెంచి యంత్రాలున్నాయి, వాటి పుణ్యం. స్పానర్ పట్టింది కదా అని చేతికందిన నట్టు బిగిస్తే మర చెడుతుంది. మా బి-సిరీస్‌కి ఆ పీడ లేదు.

మళ్లీ నడిపించడంలో పెద్ద మంత్రమేమీ లేదు. వాల్వులన్నీ తీసి గైడులు శుభ్రం చేసి, గ్రైండింగ్ చేశాం. సంప్, అంటే కింద ఆయిల్ నిలిచే తొట్టి, దించితే అడుగున నల్లటి ముద్ద. స్పార్క్ పుట్టించే పాయింట్ల గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట 15 వంతులు, పెట్టాం. పాత ట్యాంకును నమ్మక పెట్రోలు ఒక చిన్న డబ్బాలోంచి ఇచ్చాం. ప్లగ్గులు నాలుగూ తీసేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఉత్తినే తిప్పాం. అంతకుముందు హ్యాండిల్‌తో నాలుగు పూర్తి చుట్లు, వాల్వుని నొక్కే ప్రతి రాకర్ ఆడుతోందా లేదా చూస్తూ. ఆ ఆదివారం చేయాల్సిన పని ఇదే. అంతా అయ్యాక ప్లగ్గులు బిగించి బావకే తాళం ఇచ్చాను. షెడ్డంతా పొగ, ఒకటే దగ్గు.

సాయంత్రం మామయ్యకి గొప్పగా చెప్పాను, "మామయ్యా, నీ కారులో ఉన్నది అసలు ఇంజన్ కాదు, ఎవరో మార్చేశారు" అని. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "ఎవరో ఏమిట్రా, నేనే మార్పించాను. కాగితాల్లో రాయించలేదంతే. ముందే అడగొచ్చుగా?" అన్నారు.