దిగడం ఎవరు నేర్పుతారో అడుగు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఈ పిచ్చి దాని నెత్తికెక్కించింది నువ్వే" అని గంటసేపు దులిపేసింది. నీ ప్లాన్ విన్నాక నాకు నిద్ర పట్టని మాట నిజమే. ఛాతీ కాస్త పొంగిన మాట కూడా నిజమే. మన ఇంట్లో ఇన్నాళ్లూ ప్యారాచూట్ అంటే గోడ మీది నా పాత ఫోటోలు. అవి చూసి పెరిగిన పిల్ల హర్యానాలో నార్నౌల్ పోయి, ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని దూకే టాండెమ్ ఒకటి చేసొచ్చి, ఫేస్‌బుక్‌లో పెట్టుకుని ఊరుకుంటుందిలే అనుకున్నా. ఇప్పుడు ఒంటరిగా దూకే స్కైడైవింగ్ లైసెన్సే కావాలంటున్నావట.

మీ అమ్మ నిన్ను ఆపమంది. నేను ఆపను. ఆగ్రాలో 1979లో మొదటి జంప్ చేసిన రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద దూకిందనీ, పద్మశ్రీ కూడా తెచ్చుకుందనీ చెప్పి చూశా. "ఆమెకు నీలాంటి తమ్ముడు లేడేమో" అంది. సరే, మీ అమ్మను నేను చూసుకుంటా.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్రశ్నలు మళ్లీ మళ్లీ చదివా. ఎంత ఎత్తు నుంచి, ఎన్ని సెకన్లు, ఎన్ని లెవెల్స్, ఎంత ఖర్చు. అన్నీ గాలిలో పడడం గురించే. నేల మీదికి ఎలా వస్తావో ఒక్క ప్రశ్న లేదు. నాకు నిద్ర పట్టనిది అందుకే.

ముందు తేలిగ్గా తేలిపోయేవి చెప్తా. టాండెమ్‌లో నువ్వు ప్రయాణికురాలివి, ఇంకోసారి చేసినా కొత్తగా వచ్చేది తక్కువ. ఎత్తు చూపే ఆల్టిమీటర్ నీ చేతికి కట్టి, ప్యారాచూట్ నీతోనే తెరిపించి, దిగేటప్పుడు దాన్ని తిప్పే, ఆపే పిడులు, అవే టాగుల్స్, నీతో లాగించే ట్రైనింగ్ టాండెమ్ అయితే వేరే మాట.

స్టాటిక్ లైన్ మా కాలపు దారి. విమానానికి తగిలించిన పట్టీయే నువ్వు దూకగానే ప్యారాచూట్ తెరుస్తుంది. క్లబ్బుల్లో 3,000, 4,000 అడుగుల నుంచి చేయిస్తారు. ఖర్చు తక్కువ, కానీ నిదానం. తిన్నగా దూకడం వచ్చాక ఉత్తుత్తి హ్యాండిల్ లాగిస్తారు. అది వరసగా కుదిరితేనే కొద్ది సెకన్ల ఫ్రీఫాల్, అంటే ప్యారాచూట్ తెరవకుండా పడడం, ఇస్తారు.

ఏ.ఎఫ్.ఎఫ్., అంటే యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్, అమెరికాలో 1980ల మొదట్లో వచ్చింది. నేల మీద ఒక రోజు క్లాసు, ఆపైన మొదటి జంపే 10,000 అడుగుల పైనుంచి ఫ్రీఫాల్. మొదటి మూడు లెవెల్స్‌లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరో పక్క పట్టుకుంటారు, తరవాత ఒక్కరే. 5,500 అడుగుల దగ్గర ప్యారాచూట్ నువ్వే తెరవాలి. నన్నడిగితే నీకు ఇదే నయం. మా పాతవాళ్లు వింటే తిడతారేమో గానీ, స్టాటిక్ లైన్ పద్ధతి పక్కనే డ్రాప్‌జోన్, అంటే దూకే మైదానం, ఉండి వారం వారం పోగలిగినవాళ్లకు బాగుంటుంది. నీకు గచ్చిబౌలిలో ఉద్యోగం. నెలకోసారి ఎక్కడికో పోయి ఒక్కో జంప్ చేస్తే, పోయినసారి నేర్చుకున్నది ఈసారికి మిగలదు. అదీగాక పైనుంచి దూకితే, ఏదన్నా తేడా వస్తే సర్దుకోవడానికి ఎత్తు ఉంటుంది. ఎత్తంటే మాకు టైమే.

గండిపేట విండ్ టన్నెల్‌లో నువ్వు తేలుతున్న వీడియో చూశా. నడుము వంపు బాగుంది, కాళ్లు మాత్రం వంకరగా పెట్టావు. డబ్బులుంటే పోయే ముందు ఇంకో రెండుసార్లు పో. కానీ టన్నెల్‌కు కింద వల ఉంటుంది. ఎత్తు చూసుకోవడం, తెరవడం, నడపడం, దిగడం, ఇవేవీ అది నేర్పదు. లెక్క నువ్వే వేసుకో. 13,000 అడుగుల నుంచి దూకితే ఫ్రీఫాల్ ఒక నిమిషం కూడా ఉండదు. ఆ తరవాత ప్యారాచూట్ కింద ఐదారు నిమిషాలు ఒంటరిగా నువ్వే దాన్ని నడపాలి. అందరూ ఆ నిమిషం గురించే అడుగుతారు.

సైనికులకు ప్యారాచూట్ జంప్ నేర్పే మా ఆగ్రా స్కూల్లో నీకు ఏ దారి కావాలని ఎవరూ అడగరు. విమానం ముఖం చూడకముందే కిందపడడం నేర్పుతారు, ఒళ్లు హూనమయ్యేదాకా. ఐదు జంప్‌లయ్యాక రెక్కల బ్యాడ్జి. ఆ గుండ్రటి ప్యారాచూట్ దానికి ఇష్టమొచ్చినచోట దించుతుంది, దానికి బ్రేకులు లేవు. అందుకే మాల్పురా మైదానంలో మెగాఫోన్ పట్టుకుని నా సర్వీసంతా అరిచింది ఒక్కటే: "పైర్ జోడో, ఘుట్నే జోడో!" పాదాలు కలుపు, మోకాళ్లు కలుపు. ఇప్పటికీ మెట్ల మీంచి ఎగిరి దూకే మనవణ్ణి చూసి అదే అరుస్తానని మీ అత్త విసుక్కుంటుంది.

ఇప్పుడు చెప్పేది జర నిమ్మళంగా చదువు. నాతోపాటు ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నవాడి సంగతి ఇది. పేరు రాయను. వాళ్లింటికీ మనింటికీ ఇప్పటికీ రాకపోకలున్నాయి.

వాడు నాకన్నా మంచి జంపర్. గుండ్రటివి పోయి, మనమే నడపగలిగే స్క్వేర్ ప్యారాచూట్లు వచ్చాక మాలో దాన్ని బాగా పట్టుకున్నది వాడే. ఒక సాయంత్రం ప్రదర్శన, మైదానం నిండా జనం. కింద పొగ డబ్బా వెలిగించి గాలి చూపించే పని నాది. వాళ్లు విమానంలోంచి దూకినప్పుడు గాలి ఒకవైపు, కిందికొచ్చేసరికి ఇంకోవైపు. మొదట దిగిన ఇద్దరూ గమనించి ముందే సర్దుకున్నారు. వీడు ఆలస్యంగా చూశాడు. చూసేసరికి వేపచెట్టు చిటారుకొమ్మకు కాస్త పైన, గాలి వీపున తోస్తుండగా వస్తున్నాడు. నేల సర్రున వెనక్కి పోతోంది. అలా దిగితే నిలబడి దిగడం కుదరదు, దొర్లాల్సిందే. ఎదురుగా వేదిక, వేదిక మీద పెద్దవాళ్లు. దొర్లడం వాడికి ఇష్టం లేకపోయింది. గాలికెదురు తిరుగుదామని ఎడమ టాగుల్ నడుము దాకా గుంజాడు.

స్క్వేర్ ప్యారాచూట్‌ను గట్టిగా తిప్పితే తిరగడంతో ఆగదు, ముక్కు వంచి కిందికి దూసుకెళ్తుంది. కింద వేలాడే మనిషి వడిసెలలో రాయిలా బయటికి విసిరినట్టు పోతాడు. టాగుల్ వదిలాక అది మళ్లీ తిన్నబడి మనిషి కిందికి రావడానికి ఎత్తు కావాలి. ఆ ఎత్తు అక్కడ లేదు. ఆ చప్పుడు మెగాఫోన్ పట్టుకున్న నాకే కాదు, మైదానం అవతల బ్యాండువాళ్లకు కూడా వినిపించింది. పరిగెత్తి వెళ్లేసరికి ప్యారాచూట్ పక్కనే పరుచుకుని ఉంది. ఒక్క తాడు మెలిపడలేదు, ఒక్క కుట్టు చిరగలేదు. తొడ ఎముక, కటి ఎముక విరిగాయి. నెలల తరబడి ఆస్పత్రి. మళ్లీ దూకలేదు.

ఆస్పత్రిలో వాడు నాతో అన్నాడు: "ఇది చెయ్యొద్దని పొద్దున్నే స్టూడెంట్లకు చెప్పాను." నాకు కోపమొచ్చింది. వాడి మీదా, ఆ వేదిక మీదా. కోపంలో ఏదో అనేసి బయటికొచ్చా. మర్నాడు మళ్లీ పోయి కాళ్లు పట్టుకు కూర్చున్నా.

వాడు తిన్నగా వచ్చి ఉంటే ఏమయ్యేది? ప్యారాచూట్ రెండు అంచులూ సమంగా ఉంచి, సమయానికి రెండు టాగుల్సూ కలిపి లాగి, పాదాలు కలిపి దొర్లితే, మోకాళ్ల దగ్గర డ్రెస్ చిరిగేది. జనం నవ్వేవాళ్లు. ఇంటికొచ్చి వాళ్లావిడ చేత తిట్లు తినేవాడు.

ఇది పాత కథ అనుకోకు. నేటికీ ఈ ఆటలో పెద్ద దెబ్బల్లో చాలా భాగం చక్కగా తెరుచుకున్న ప్యారాచూట్ కిందే తగులుతున్నాయి. అమెరికా ప్యారాచూట్ అసోసియేషన్ వాళ్లు మొదటిదైన 'ఏ' లైసెన్స్‌కు 25 జంప్‌లు, 'బీ' లైసెన్స్‌కు 50 పెట్టి, 'బీ' కావాలంటే ప్యారాచూట్ నడపడం మీద విడిగా కోర్సు చెయ్యాలన్నారు. ఊరికే అన్లేదు.

అందుకని స్కూలు ఎంచుకునేటప్పుడు, దుబాయ్ అయినా థాయ్‌లాండ్ అయినా, ఫోన్ చేసి ముందు ఇది అడుగు: ప్యారాచూట్ నడపడం ఎవరు నేర్పుతారు, ఎంతసేపు నేర్పుతారు? దిగేటప్పుడు రేడియోలో చెప్పే మనిషి ఉంటాడా, ఆ రేడియో పాడైతే నేనేం చెయ్యాలని క్లాసులోనే నేర్పుతారా? ప్రతి ల్యాండింగ్ తరవాత కూర్చోబెట్టి తప్పులు చెప్తారా, లేక ఫ్రీఫాల్ వీడియో చూపించి చప్పట్లు కొట్టి పంపేస్తారా? స్టూడెంట్‌కు పెద్ద ప్యారాచూట్ ఇస్తారా? గాలి వేగం ఎంత దాటితే జంప్‌లు ఆపుతారు? ఆపే అంకె ఠక్కున చెప్పలేని చోటికి పోకు. మన దేశంలో అయితే 2022లో వచ్చిన నేషనల్ ఎయిర్ స్పోర్ట్స్ పాలసీలో స్కైడైవింగ్ కూడా ఉంది, పర్మిషన్ కాగితాలు అడగడానికి మొహమాటపడకు.

మిగతావి వాళ్లు నేర్పుతారు. 2,500 అడుగులకు వచ్చేలోపే ఈ ప్యారాచూట్‌తో దిగగలనా లేదా తేల్చుకోవాలి. తేలకపోతే కట్ అవే చేసి, అంటే దాన్ని వదిలించుకుని, రిజర్వ్ అనే రెండో ప్యారాచూట్ తియ్యాలి. 1,000 అడుగుల కింద కట్ అవే లేదు. నువ్వు తెరవకపోతే తనంతట తానే రిజర్వ్ తెరిచే ఏ.ఏ.డీ. అనే పరికరం ఆన్‌లో ఉందో లేదో ప్రతిసారీ చూసుకో, కానీ అది ఉందిలే అని చెయ్యి బద్ధకించకు.

సెలవు సంగతి. పది రోజుల్లో లైసెన్స్ కొట్టుకొస్తా అన్నావట. వానకూ గాలికీ నీ మేనేజర్ సెలవు మంజూరు చెయ్యలేదమ్మా. మూడు రోజులు హ్యాంగర్‌లో టీ తాగుతూ కూర్చోవాల్సి రావచ్చు. చివరి రోజు "ఒక్క జంపే మిగిలింది" అని గాలిలో ఎగబడతావేమోనని నా భయం. మిగిలితే మిగలనీ. డబ్బు తక్కువైతే నన్నడుగు, మీ అమ్మను కాదు. తిరిగొచ్చాక తుప్పు పట్టనివ్వకు కూడా. స్టూడెంట్ 30 రోజులు దూకకపోతే, 'ఏ' లైసెన్స్ వాళ్లు 60 రోజులు దూకకపోతే మళ్లీ ఇన్‌స్ట్రక్టర్ పక్కన మొదలుపెట్టాలి. ఆ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకో.

ఇంకోటి. హెల్మెట్‌కు కెమెరా పెట్టుకుంటా అన్నావని మీ తమ్ముడు చెప్పాడు. చెంప పగులుతుంది. 200 జంప్‌ల దాకా కెమెరా ముట్టుకోవద్దని పెద్దవాళ్లు ఎందుకంటారో తెలుసా? అది ఉంటే బుర్ర సగం ఇంట్లో చూసేవాళ్ల దగ్గరే ఉంటుంది. వాడికి వేదిక, నీకు ఇన్‌స్టాగ్రామ్. నీ వీడియో ఇన్‌స్ట్రక్టర్ తీస్తాడు, అది చాలు.

మందలించానని మొహం మాడ్చుకోకు. చిన్నప్పుడు నీ కుడి మడమ మడతపడితే వీపు మీద మోసుకుని తిరిగినవాణ్ణి, ఆ మడమ గురించి నీకన్నా నాకే ఎక్కువ తెలుసు. ఇప్పటికీ బెణుకుతుందా? అబద్ధమాడకు. డాక్టరుకు చూపించి, పోయేలోపు రోజూ వ్యాయామం చెయ్యి.

ఆదివారం పొద్దున్నే యాప్రాల్ రా. పక్కవాళ్లు ఇల్లు కడుతున్నారు, గేటు ముందు ఇసుక కుప్ప ఉంది, అడిగి ఉంచా. అరుగు మీంచి దూకిస్తా. పాదం, పిక్క, తొడ, పిరుదు, వీపు, ఆ వరస నీ ఒంటికి పట్టేదాకా రెండు వైపులకూ దొర్లాలి. బూట్లు వేసుకో, ఆ పల్చటి చెప్పులతో రాకు. మీ అత్త సర్వపిండి చేస్తానంది. మేస్త్రీ సోమవారం ఇసుక ఎత్తేస్తాడట, వచ్చే వారం అని మాత్రం వాయిదా వెయ్యకు.

పైలం బిడ్డా.

మీ మామ