ఫెలోషిప్‌కు వెళ్లండి, మూడు నెలలు ఆగి

ప్రశ్న: కర్నూలులో డీఎం న్యూరాలజీ (నరాల వైద్యంలో ఉన్నత కోర్సు) ముగుస్తోంది. వయసు 34. మూర్ఛ వ్యాధిపై బెంగళూరులో రెండేళ్ల పరిశోధన ఫెలోషిప్ వచ్చింది, నెలకు 80,000. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రి నెలకు 3 లక్షలు ఇస్తానంటోంది. విద్యారుణం 12 లక్షలు, వడ్డీ 10 శాతం, ఇంకా 5 ఏళ్లుంది. ఎఫ్‌డీ 6 లక్షలు. భార్య, పాప ఉన్నారు. వెళ్లగలనా?

జవాబు: వెళ్లగలరు డాక్టరు గారూ, వెళ్లాలి కూడా. మెదడులో బద్దెపురుగు తిత్తుల వల్ల మూర్ఛ వచ్చేవారు మన పల్లెల్లో ఉన్నారు. వాళ్ల మీద పరిశోధన చేసే వైద్యుడు ఈ సీమకు కావాలి.

మీరు రాసిన ఖర్చులు: అద్దె 25,000, ఇంటికి 38,000, అమ్మానాన్నలకు 10,000, బీమా 3,000. ఈఎంఐ 25,500 కలిపితే 1,01,500. నెలకు 21,500 లోటు. రుణ గడువు పదేళ్లకు పెంచమని బ్యాంకును అడగండి. ఈఎంఐ 15,900కు దిగి, లోటు 12,000 దగ్గర ఆగుతుంది. అలాగే పదేళ్లూ కడితే మొత్తం వడ్డీ 3.3 లక్షల నుంచి 7 లక్షలకు పెరుగుతుంది కనుక, ఫెలోషిప్ అయ్యాక వేగంగా తీర్చేయండి.

అసలు చిక్కు లోటు కాదు, ఆలస్యం. ఫెలోషిప్ గ్రాంటు సొమ్ము ముందు సంస్థకు వస్తుంది, అక్కడి నుంచి మీకు. ఏడాది చివర వినియోగ పత్రం (సొమ్ము ఖర్చయిన లెక్క), ప్రగతి నివేదిక వెళ్తేనే తర్వాతి విడత. అకౌంట్స్‌లో ఒక్క సంతకం ఆగితే మూడు నాలుగు నెలలు స్టైపెండ్ రాకపోవచ్చు. ఇక్కడే చాలామంది క్రెడిట్ కార్డు బాకీలో పడతారు.

అందుకే నాలుగు నెలల ఖర్చు 3.7 లక్షలు, రెండేళ్ల లోటు 2.9, ఇంటి అడ్వాన్స్ 1.5, మొత్తం 8.1 లక్షలు చేతిలో ఉండాలి. మీ దగ్గర 6 ఉన్నాయి. చేరే తేదీ మూడు నెలలు వెనక్కి జరపమని అడిగి, అన్నాళ్లూ ఆ ఆసుపత్రిలో చేయండి. 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పోయి నెలకు 2.7 లక్షలు వస్తాయి. ఇంటి ఖర్చు పోను నెలకు లక్షన్నర మిగిలినా చాలు. చదువయ్యాక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తానని సర్వీసు బాండ్ రాసి ఉంటే మాత్రం ముందు దాని గడువు, జరిమానా చదవండి.

పన్ను భయం వద్దు. ఏడాదంతా ఫెలోషిప్‌లోనే ఉంటే 9.6 లక్షలకు కొత్త విధానంలో పన్ను పడదు. విద్యారుణ వడ్డీ మినహాయింపు కోసమని పాత విధానం ఎంచుకోకండి.

కొన్ని పరిశోధన పత్రికలు వ్యాసం ప్రచురణకు లక్షకు పైగా అడుగుతాయి. ఆ రుసుము, గణాంక నిపుణుడి ఫీజు, డేటా ఎంట్రీ ఖర్చు పరిశోధన ప్రతిపాదన బడ్జెట్‌లోనే రాయించండి. తర్వాత అడిగితే సొంత జేబులోంచే పోతుంది. సాయంత్రం క్లినిక్ ఆదాయాన్ని లెక్కలో కలపకండి. ఫెలోలకు ప్రైవేటు ప్రాక్టీసు చాలా సంస్థలు ఒప్పుకోవు.