ఐక్యూ తక్కువని ఒకటో తరగతి సీటు నిరాకరించవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు నిండాయి. ఒకటో తరగతిలో చేర్చడానికి వెళ్తే ప్రైవేటు పాఠశాలవారు ఐక్యూ పరీక్ష పెట్టి, 84 వచ్చిందని సీటు ఇవ్వలేదు. నాలుగు నెలలు దాటినా నా భార్య ఇంకా కుమిలిపోతూనే ఉంది. ఈ పరీక్షలు అశాస్త్రీయమని కోర్టులో నిరూపించవచ్చా? తెలిసిన సైకాలజిస్టు ఎక్కువ స్కోరుతో సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు, తీసుకోమంటారా? రిపోర్టు అసలు ప్రతిని పాఠశాలవారు అడిగితే తిరిగి ఇచ్చేశాను.

జవాబు: 1905లో ఫ్రాన్స్‌లో మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ బినే తెలివితేటలను కొలిచే మొదటి కొలమానాన్ని రూపొందించింది చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి ప్రత్యేక సాయం అందించడానికే గాని, వారిని బడి గుమ్మం దగ్గరే ఆపడానికి కాదు. అయితే ఐక్యూ శాస్త్రీయమా కాదా అన్న చర్చ నూరేళ్లు దాటినా తెగలేదు, మీ కేసుకు అది తెగనవసరమూ లేదు.

మీ కేసును తేల్చేది ఒక్కటే: పరీక్ష ప్రవేశానికి ముందు, సీటు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించడానికి పెట్టారా, లేక చేర్చుకున్నాక బోధన అవసరాలు తెలుసుకోవడానికి పెట్టారా? విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం లాటరీ వంటి యాదృచ్ఛిక పద్ధతి తప్ప, ఒక బిడ్డను కాదని మరో బిడ్డను ఎంచుకునే ఏ విధానమైనా వడపోతే. 13వ సెక్షన్ దానిని నిషేధించి, మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆపై ప్రతిసారీ 50,000 వరకు జరిమానా విధిస్తుంది. స్కోరు 84 అయినా 140 అయినా నేరం ఒకటే.

అందుకే ఆ సర్టిఫికెట్ జోలికి వెళ్లకండి. 'మావాడికి నిజానికి ఎక్కువ స్కోరు వచ్చింది' అని మీరు వాదించిన క్షణమే, స్కోరును బట్టి సీటు ఇవ్వవచ్చని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. పైగా పరీక్షించకుండా రాసిన పత్రాన్ని కోర్టులో దాఖలు చేస్తే, తప్పుడు సాక్ష్యం సృష్టించారన్న ఆరోపణ మీ మీదికే వస్తుంది.

అసలు రిపోర్టును నకలైనా తీసుకోకుండా తిరిగి ఇచ్చేయడం క్షమించరాని అజాగ్రత్త. రేపు పాఠశాలవారు 'అది కేవలం కౌన్సెలింగ్' అంటే మీ దగ్గర ఏముంది? పరీక్షకు రమ్మని పంపిన సందేశం, దరఖాస్తు రుసుము రసీదు, సీటు లేదని చెప్పిన సందేశం ఈరోజే వెతికి పట్టుకోండి. సందేశాలున్న ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి. వాటిని సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం జతచేయాలి.

కాలపరిమితి ఇంకా ముఖ్యం. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక సాధారణంగా కోర్టు విచారణకు స్వీకరించదు. నాలుగు నెలలు మీరే పోగొట్టుకున్నారు. ఈ నేరంపై ప్రాసిక్యూషన్‌కు విద్యాహక్కు చట్టం 36వ సెక్షన్ కింద అధీకృత అధికారి ముందస్తు అనుమతి కూడా కావాలి కాబట్టి ఈ వారమే కదలండి.

ముందుగా అది మైనారిటీ విద్యాసంస్థ అవునో కాదో తెలుసుకోండి. 2014 నాటి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ప్రకారం వాటికి ఈ చట్టం వర్తించదు. కాకపోతే అదే చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు (పంచాయతీ, మున్సిపాలిటీ వంటివి) తేదీలతో లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి, జిల్లా విద్యాశాఖాధికారికి ప్రతి పంపి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వారు మూడు నెలల్లో తేల్చాలి. నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఈలోగా అబ్బాయిని మరో బడిలో చేర్పించండి, అందువల్ల మీ ఫిర్యాదు చెల్లకుండా పోదు.