రిజిస్ట్రీలో కీ తీసేసే ముందు

అన్‌ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్ పేరు కంట్రోల్ ప్యానెల్‌ జాబితాలో ఇంకా కనిపిస్తోందని, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోంచి దాన్ని తీసేయాలంటే టెన్షన్‌గా ఉందని అడిగారు కదండీ. జాగ్రత్త అవసరమే. రిజిస్ట్రీ ఎడిటర్‌లో అన్‌డూ లేదు, సేవ్ బటనూ లేదు. డిలీట్ నొక్కితే ఆ క్షణమే పోతుంది.

ముందు సిస్టమ్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, తేడా వస్తే విండోస్‌ను ఇప్పటి స్థితికి తెచ్చుకునేలా రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయాలి. రేపు విండోస్ తెరుచుకోకపోయినా రికవరీ స్క్రీన్ నుంచి దాన్ని వాడుకోవచ్చు.

ఇక రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ వరుసలో తెరవండి. లోపల ఫోల్డర్లలా కనిపించేవే కీలు. చాలా కీల పేర్లు అర్థంకాని అంకెలూ అక్షరాలుగా ఉంటాయి. పేరు చూసి ఊహించకండి. ఒక్కోదాన్ని నొక్కి కుడివైపు డిస్‌ప్లే నేమ్ చదవండి. మీ ప్రోగ్రామ్‌దని తేలాక ఆ ఒక్క కీ మీదే రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి ఫైల్‌గా దాచుకోండి, పెన్‌డ్రైవ్‌లోనూ ఒక కాపీ ఉంచండి. డిలీట్ ఆ తర్వాతే. తేడా వస్తే ఆ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే కీ తిరిగొస్తుంది.

అయితే ఆ ఫైల్ పోయినవాటిని తెస్తుందే గానీ, మీరు కొత్తగా చేర్చిన వాల్యూలను తీసేయదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. విండోస్ ఒకప్పుడు రిజిస్ట్రీ బ్యాకప్ దాచిన రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌నూ నమ్ముకోకండి. విండోస్ 10, 1803 వెర్షన్ నుంచి అందులోకి ఆటోమేటిక్ బ్యాకప్ మామూలుగా చేరదు.

కీ దొరక్కపోతే ఆ ప్రోగ్రామ్ 32 బిట్‌దా అన్నది చెప్పండి, వాటి చోటు వేరు.